మా బాబు తినేవి ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. మొండితనమా, ఇంకేమైనా ఉందా?

ఆరేళ్ల బాబు అమ్మ అడిగారు:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా బాబుకి ఆరేళ్లు. మొదట్నుంచీ తిండి దగ్గర పేచీలున్న పిల్లాడే. కూరగాయలు ముట్టడు, కొత్తది ఏది పెట్టినా మొహం తిప్పేస్తాడు. అయినా వాడికంటూ ఇష్టమైనవి కొన్ని ఉండేవి కాబట్టి మాకెప్పుడూ భయం వేయలేదు. ఇప్పుడు ఆ ఇష్టమైనవే పోతున్నాయి.

కొన్ని నెలల కిందట ఉడికించిన గుడ్డు తింటుంటే గొంతుకు అడ్డం పడింది. దగ్గి దగ్గి చివరికి వాంతి చేసుకున్నాడు. అప్పట్నుంచి గుడ్డు వాసన వస్తే చాలు, గదిలోంచి లేచి వెళ్లిపోతాడు. గుడ్డు ఒక్కటే కదా, పోనీలే అనుకున్నాం. తర్వాత చికెన్ వద్దన్నాడు. తర్వాత యాపిల్ ముక్కలు, ద్రాక్ష. బ్రెడ్‌కి ముందు అంచులు తీసేయమన్నాడు, ఇప్పుడు బ్రెడ్డే వద్దంటున్నాడు. మిగిలినవి ఏంటంటే: పాలు, పెరుగు, బాగా మెత్తగా ఉడికిన అన్నం, మెదిపిన బంగాళాదుంప, అరటిపండు, ఒకే ఒక్క రకం బిస్కెట్. ఆ బిస్కెట్ కూడా పాలల్లో ముంచుకునే తింటాడు.

పెట్టుకున్న ముద్దని చాలాసేపు బుగ్గన ఉంచుకుంటాడు. ప్రతి ముద్దకీ నీళ్లు తాగుతాడు. "అమ్మా, ఇది గొంతులో ఇరుక్కోదు కదా" అని మధ్యమధ్యలో అడుగుతాడు. పాలు మాత్రం ఎప్పుడిచ్చినా తాగుతాడు, రోజుకి దాదాపు లీటరు. ఏదో ఒకటి కడుపులో పడుతోంది కదా అని ఇచ్చేస్తున్నాం. ప్యాంట్లు నడుం దగ్గర వదులయ్యాయి.

మా వారేమో గారాబం ఎక్కువైంది అంటారు. అత్తయ్య ఫోన్‌లో బొమ్మలు పెట్టి, వాడు అటు చూస్తుండగా గబుక్కున నోట్లో ముద్ద పెట్టేస్తారు. మొదట్లో మింగేవాడు, ఇప్పుడు ఫోన్ చూస్తూ కూడా పెదాలు బిగించేస్తున్నాడు. భోజనం టైమ్ దగ్గరపడుతుంటే నాకే గుండెల్లో దడ మొదలవుతోంది.

ఇది మొండితనమేనా? నేను గట్టిగా ఉండాలా, వాడి మానాన వాడిని వదిలేయాలా? డాక్టర్‌కి చూపించాల్సినంత విషయమేనా ఇది? ఇలాంటిది ఇంట్లో చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

ముగ్గురు పిల్లల నాన్న:

మా రెండోవాడు ఇలాగే చేసేవాడండీ. బిస్కెట్లు, పాలు రెండూ ఆపేసి ఇంట్లో అందరికీ వండిందే పెట్టాం. రెండో రోజుకి దారికొచ్చాడు. ఆకలేస్తే ఏ పిల్లాడైనా తింటాడు. మీరు కాస్త ఎక్కువ టెన్షన్ పడుతున్నారేమో అనిపిస్తోంది.

పద్నాలుగేళ్ల పాప అమ్మ:

పైన అన్నగారు మంచి ఉద్దేశంతోనే రాశారు. చాలామంది పిల్లల విషయంలో అది నిజం కూడా. రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య కొత్త తిండిని అనుమానంగా చూడటం మామూలే, ఆకలి వాళ్లని మెల్లగా కంచం దగ్గరికి తెస్తుంది. కానీ ఈ బాబు విషయంలో మాత్రం అలా చేయొద్దండీ. దయచేసి చేయొద్దు. భయపడి మానేసిన పిల్లాడికి ఎంత ఆకలైనా ఆ భయం పోదు. తింటున్న ఆ కొన్ని కూడా తీసేస్తే ఉత్త కడుపుతో పడుకుంటాడు తప్ప గుడ్డు తినడు.

మీ పోస్టు చదువుతూ నేను ఒక కాగితం మీద వాడు మానేసినవి ఒక పక్క, తింటున్నవి ఇంకో పక్క రాసుకున్నాను. మీరూ రాసి చూడండి. గుడ్డు, చికెన్, యాపిల్, ద్రాక్ష, బ్రెడ్: అన్నీ బాగా నమిలి మింగాల్సినవి, సరిగ్గా నమలకపోతే గొంతులో తగిలేవి. పాలు, పెరుగు, మెత్తటి అన్నం, మెదిపిన దుంప, అరటిపండు, నానబెట్టిన బిస్కెట్: అన్నీ జారిపోయేవి. మొండితనంతో మానేసే పిల్లలకి ఇంత కచ్చితమైన లెక్క ఉండదు. వాడు రుచిని చూసి వద్దనడం లేదు, గొంతులో అడ్డం పడుతుందా లేదా అని చూసి వద్దంటున్నాడు. "ఇరుక్కోదు కదా" అని నోరు తెరిచి అడుగుతున్నాడు కూడా. పాపం, వాడు చెప్పగలిగినంత స్పష్టంగానే చెబుతున్నాడు.

మా పాప జాబితా ఇంకో రకంగా ఉండేది. కరకరలాడే పొడి పదార్థాలు మాత్రమే తినేది. పెరుగు, అరటిపండు లాంటివి వేలికి అంటుకున్నా ఓకరింత వచ్చేది. తనకి భయం కాదు, స్పర్శ. తడిగా, జిగటగా ఉన్నదేదీ నోరు తట్టుకోలేకపోయేది. ప్యాకెట్ తిండి మీద ఎందుకంత పట్టుదలో కూడా అప్పుడే అర్థమైంది. ప్యాకెట్‌లో బిస్కెట్ ఎప్పుడు తీసినా ఒకే రుచి, ఒకే గట్టిదనం. పండు అలా కాదు, ఒకటి తియ్యగా ఉంటే ఇంకోటి పుల్లగా ఉంటుంది, ఒక చోట గట్టిగా ఉంటే ఇంకో చోట మెత్తబడి ఉంటుంది. అలాంటి పిల్లలకి పండు నమ్మలేని వస్తువు. ఇక మూడో రకం పిల్లలుంటారు, వాళ్లకి అసలు ఆకలే సరిగ్గా తెలియదు, నాలుగు ముద్దలకే చాలంటారు. ఈ మూడు కారణాల్లో ఏదైనా ముదిరి, ఎదుగుదలో పోషణో రోజువారీ జీవితమో దెబ్బతినే స్థాయికి వస్తే దాన్ని ఆర్ఫిడ్ అంటారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఈ పేరుని రోగ నిర్ధారణ గ్రంథంలో చేర్చింది. లావైపోతామనే భయంతో తిండి మానేసే సమస్య వేరు, ఇది వేరు. మీ బాబుకి అదే ఉందని నేను అనడం లేదు, అది డాక్టర్లు తేల్చాలి. పేరు తెలిసి ఉంటే వాళ్లని అడగడానికి పనికొస్తుందని చెబుతున్నాను.

గారాబం మాట కూడా తీసి పక్కన పెట్టండి. కవల పిల్లల మీద బ్రిటన్‌లో జరిగిన పరిశోధనల్లో తిండి దగ్గర పేచీ చాలావరకు పుట్టుకతో వచ్చే లక్షణమేనని తేలింది. మీ వారికి ఈ ఒక్క విషయం చెప్పండి, ఇంట్లో వేడి కొంత తగ్గుతుంది.

ఇక చేయాల్సినవి. అన్నిటికంటే ముందు అత్తయ్యగారితో మాట్లాడి ఆ ఫోన్ పద్ధతి ఆపించండి. ఆవిడ ప్రేమతోనే చేస్తున్నారు, అందులో సందేహం లేదు. కానీ చూడని పిల్లాడి నోట్లో ముద్ద పెడితే నిజంగానే పొలమారే ప్రమాదం ఉంది. గొంతు గురించి భయపడుతున్న పిల్లాడికి అది ఇంకోసారి జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. పైగా తెలియకుండా నోట్లోకి ఏదో వస్తుందన్న అనుమానం మొదలైతే కంచం దగ్గర కూర్చోవడమే మానేస్తాడు. తింటున్న దాంట్లో వేరేది దాచిపెట్టి కలపడం కూడా ఇలాంటిదే. కనిపెట్టిన రోజున కలిపినదాన్నే కాదు, ఆ అన్నాన్ని కూడా మానేస్తాడు.

రెండోది, తింటున్నవాటిని కాపాడుకోండి. మా పాపని చూసిన థెరపిస్ట్ మొదటి రోజు చెప్పింది ఇదే: కొత్తవి తర్వాత, ముందు ఉన్నవి పోకుండా చూసుకోండి. ఒకే పదార్థం రోజూ మూడు పూటలా పెడితే ఇలాంటి పిల్లలకి ఒక్కసారిగా మొహం మొత్తుతుంది, ఆ పోయింది మళ్లీ తిరిగి రావడం కష్టం. అందుకే ఉన్న వాటినే మార్చిమార్చి పెట్టండి. నిన్న దుంప పెడితే ఇవాళ అన్నం. బిస్కెట్ ప్యాకెట్ రంగు మారినా పేచీ పెట్టే పిల్లలున్నారు, కాబట్టి బిస్కెట్లు డబ్బాలో పోసి ఇవ్వడం అలవాటు చేయండి.

మూడోది ఎలిన్ శాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు చెప్పిన పని పంపకం. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల బాధ్యత. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లాడిది. చెప్పడం తేలిక, కంచం ముందు పిల్లాడు ఖాళీగా కూర్చుంటే నోరు మూసుకుని ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ "ఇంకొక్క ముద్ద" అన్న ప్రతిసారీ కంచం పరీక్ష పేపర్‌లా తయారవుతుంది. తింటే చాక్లెట్ ఇస్తానన్నా అంతే. ప్రతి పూటా వాడు తినేది ఒకటైనా కంచంలో ఉండాలి, మీరు తినేది దాని పక్కన చిన్న గిన్నెలో ఉండాలి, దాని గురించి ఎవరూ మాట్లాడకూడదు. అరగంటలో భోజనం ముగించేయండి. మళ్లీ రెండున్నర, మూడు గంటల తర్వాత తిండి, మధ్యలో నీళ్లు మాత్రమే.

ఆ తర్వాత, డాక్టర్ గొంతులో ఏ ఇబ్బందీ లేదన్నాక, వాడు తినేదాన్నుంచే చిన్న అడుగులు వేయించాలి. బిస్కెట్ మంచి మొదలు, ఎందుకంటే అది నోట్లో కరిగిపోతుంది. పాలల్లో ముంచి వెంటనే తీయడం, తర్వాత అంచు మాత్రం ముంచడం, తర్వాత పొడిగా ఒక మూల కొరకడం. దుంప అయితే పూర్తిగా మెదపకుండా ఫోర్క్‌తో నొక్కినట్టు ఉంచండి. అది బాగా అలవాటయ్యాక వేలితో నొక్కితే నలిగేంత మెత్తటి చిన్న ముక్కలు. ఏ అడుగు దగ్గర ఆగిపోతే దానికి ముందు అడుగు దగ్గరే ఉండండి, అదేమీ ఓటమి కాదు. తినకపోయినా చేత్తో ముట్టుకోవడం, వాసన చూడటం, నాలుక చివర తగిలించి తీసేయడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఒక కొత్త పదార్థాన్ని ఒప్పుకోవడానికి పిల్లలకి పది పదిహేను సార్లు కనిపించాల్సి రావచ్చంటారు. భయం ఉన్న పిల్లలకి అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది.

"ఇరుక్కోదు కదా" అని అడిగినప్పుడు "ఇరుక్కోదు, తిను" అని మళ్లీమళ్లీ చెప్పకండి. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అడుగుతాడు, ఎందుకంటే ఆ ధైర్యం మీ దగ్గరే ఉండిపోతుంది, వాడి దగ్గరికి చేరదు. తిండి లేని సమయంలో, ఆడుకుంటున్నప్పుడు, ఆ రోజు ఏం జరిగిందో మాట్లాడండి. గొంతులోకి తప్పుదారిలో వెళ్లినదాన్ని దగ్గు బయటికి తోసేసింది, దగ్గు నిన్ను కాపాడింది అని చెప్పండి. తినేటప్పుడైతే "ఎన్నిసార్లు నమిలితే మెత్తబడిందో చూద్దామా" అనండి. పని వాడి పళ్లకి అప్పజెప్పినట్టు ఉంటుంది.

పిల్లల ఆసుపత్రిలో డైటీషియన్:

పైన అమ్మగారు జాబితా చదివిన తీరు చాలా బాగుంది. దానికే ఇంకో కోణం ఉంది, చెప్పక తప్పదు. చాలాసేపు నమలడం, ప్రతి ముద్దకీ నీళ్లు తాగడం, మాంసం, బ్రెడ్ లాంటివి మానేసి మెత్తటివే తినడం, ఇవి భయంలోనూ కనిపిస్తాయి, అన్నవాహికలో వాపు ఉన్నప్పుడూ కనిపిస్తాయి. ఈసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అని ఒక జబ్బు ఉంది. అలర్జీకి సంబంధించిన కణాలు అన్నవాహిక గోడలో చేరి వాపు తెస్తాయి, ముద్ద నిజంగానే నెమ్మదిగా దిగుతుంది. ఆ గుడ్డు సంఘటనకి ముందే మెల్లగా తినేవాడా, ఆస్తమా గానీ ఎగ్జిమా (చర్మం దురదతో ఎర్రబడి పొడిబారడం) గానీ ఉన్నాయా అన్నది గుర్తు తెచ్చుకుని డాక్టర్‌కి చెప్పండి. దాన్ని నిర్ధారించాలంటే ఎండోస్కోపీ చేసి, అంటే నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, అన్నవాహిక గోడ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి, బయట నుంచి చూసి చెప్పలేరు. టాన్సిల్స్ బాగా పెరిగినా, పళ్లు పుచ్చినా, పుల్లటి త్రేన్పులు ఉన్నా గట్టి తిండి మానేస్తారు. మలబద్ధకం ఉంటే ఆకలి చచ్చిపోతుంది. ఈ జాబితాలో పీచు దాదాపు లేదు కాబట్టి అది కచ్చితంగా అడగాలి.

పాలు లీటరు చాలా ఎక్కువ. ఈ వయసులో అరలీటరు లోపు ఉంటే మంచిది. పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు, ఇతర ఆహారంలో ఉన్న ఐరన్ ఒంటికి పట్టకుండా కాల్షియం కొంత అడ్డుపడుతుంది, పైగా కడుపు నిండిపోతుంది. ఐరన్ తగ్గితే ఆకలి ఇంకా తగ్గుతుంది, అలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. అయితే మీ బాబుకి ఇప్పుడు శక్తిలో ఎక్కువ భాగం పాల నుంచే వస్తోంది, కాబట్టి ఒక్కసారిగా ఆపకండి. బరువు చూసి, దాని బదులు ఏం ఇవ్వాలో అనుకున్నాకే తగ్గించాలి. ముందు భోజనానికి గంట, గంటన్నర లోపు పాలు ఇవ్వకుండా చూడండి, అది ఇవాళే మొదలుపెట్టొచ్చు.

డాక్టర్‌కి చూపించాలా అని అడిగారు. చూపించాలి, ఈ వారంలోనే. ప్యాంట్లు వదులవడం అన్న ఒక్క కారణం చాలు. పెరిగే వయసులో బరువు పెరగకపోవడమే ఆలోచించాల్సిన విషయం, తగ్గడం అంతకంటే పెద్దది. పాత బరువు, ఎత్తు రాసిన కార్డు ఉంటే తీసుకెళ్లండి, ఎదుగుదల గీత ఎక్కడ వంగిందో దాన్నిబట్టే తెలుస్తుంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్‌తో పాటు ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) చూడమని అడగండి. ద్రవాలు కూడా తాగకపోతే, మూత్రం బాగా తగ్గితే, నిలబడితే కళ్లు తిరిగితే, మందకొడిగా పడుకుని ఉంటే, మింగలేక చొంగ కారుతుంటే వారం ఆగొద్దు, అదే రోజు వెళ్లండి.

ఇది చదివే మిగతా తల్లిదండ్రులకి కూడా ఒక మాట. పిల్లలు బరువు బాగానే ఉన్నారు కదా అని ఊరుకోకండి. చిప్స్, తెల్ల బ్రెడ్ లాంటి నాలుగైదు రకాల మీదే ఏళ్ల తరబడి బతికిన ఒక కుర్రాడికి విటమిన్ లోపంతో కంటి నరం దెబ్బతిని చూపు పోయిన సంగతిని 2019లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ వైద్యులు ప్రచురించారు. ఆ అబ్బాయి ఎత్తుకు తగ్గ బరువే ఉన్నాడు. చాలా అరుదు, నిజమే. విటమిన్ సి బొత్తిగా అందక కాళ్లనొప్పులతో నడవనని మొరాయించిన పిల్లలు కూడా వైద్య పత్రికల్లో కనిపిస్తారు. పండ్లు, కూరగాయలు పూర్తిగా మానేసిన పిల్లలకి విటమిన్ చుక్కలు అవసరమా అని డాక్టర్‌ని అడగడం మంచిది.

ఆరేళ్ల బాబు అమ్మ:

ఇంత వివరంగా రాసినందుకు ఏమని చెప్పాలో తెలియడం లేదు. ఆ రెండు వరసల జాబితా మా వారికి చూపించాను. చాలాసేపు చూసి "వీడు నిజంగానే భయపడుతున్నాడు" అన్నారు. ఆస్తమా లేదు కానీ చిన్నప్పుడు మోచేతుల దగ్గర ఎగ్జిమా ఉండేది, అది చెబుతాను. అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

ఇంకో రెండు అడగాలి. స్కూల్లో డబ్బా ఖాళీ చేయించే దాకా టీచర్ కూర్చోబెడతారట. అక్కడేం చెప్పాలి? మూడేళ్ల చెల్లెలుంది, వాడిని చూసి అదీ "నాకొద్దు" అంటోంది.

తిండి భయంతో పెరిగినవాడిని:

ఇప్పుడు నాకు ముప్పై దాటాయి. చిన్నప్పుడు నేనూ మీ బాబు లాంటివాడినే, కారణం వాంతి భయం. పెద్దవాళ్ల వైపు నుంచి చాలామంది రాశారు, నేను పిల్లాడి వైపు నుంచి ఒకటి చెబుతాను. కంచం కన్నా నన్ను భయపెట్టింది చుట్టూ ఉన్న మొహాలు. నేను ముద్ద ఎత్తగానే మాటలు ఆగిపోయేవి, అందరూ నా నోటివైపు చూసేవాళ్లు. మింగితే చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్లు నాకు ఇంకా కష్టంగా ఉండేవి, రేపు కూడా మింగాలి కదా అని. మా బాబాయి ఒక్కడు మాత్రం నా పక్కన కూర్చుని తన మానాన తాను తింటూ ఏవో కబుర్లు చెప్పేవాడు. ఆయన కంచంలోంచి నేనే అడిగి తీసుకున్నవి ఉన్నాయి.

బంధువుల ముందు "వీడేమీ తినడు" అని మాత్రం అనకండి. అది విని విని, నేను ఏమీ తినని మనిషినని నేనే ఖాయం చేసుకున్నాను. పెద్దయ్యాక సైకాలజిస్ట్ సహాయంతో ఆ భయాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కొన్నాను. చిన్నప్పుడే ఆ సహాయం దొరికితే ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని ప్రయాణాలు హాయిగా గడిచేవో. మీరు ఇంత తొందరగా అడిగారు, నాకు చాలా సంతోషంగా ఉంది.

పద్నాలుగేళ్ల పాప అమ్మ:

బాబాయి సంగతి చదివి కళ్లు చెమర్చాయి బాబూ.

అమ్మా, స్కూల్ గురించి. నోటిమాటగా కాకుండా చిన్న ఉత్తరం రాసివ్వండి: బాబు మింగడానికి భయపడుతున్నాడు, డాక్టర్‌కి చూపిస్తున్నాం, తినమని బలవంతం చేయొద్దు, మిగిలింది ఇంటికి పంపేయండి, నీళ్లు ఎప్పుడడిగినా తాగనివ్వండి. ఈ ఐదు చాలు. డాక్టర్ చీటీ తోడైతే ఇంకా మంచిది. డబ్బాలో ప్రస్తుతానికి వాడు తినేవే పెట్టండి, స్కూల్ కొత్తవి ప్రయత్నించే చోటు కాదు. పక్కన ప్రశాంతంగా తినే ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టమని అడగండి, మా పాపకి అది బాగా పనిచేసింది.

చెల్లెలి విషయంలో కంగారు వద్దు, మూడేళ్లకి అది మామూలే. ఇద్దరికీ ఒకే భోజనం బల్ల మధ్యలో గిన్నెల్లో పెట్టి, ఎవరికి కావాల్సింది వాళ్లని వడ్డించుకోనివ్వండి. "అన్న తినడు, నువ్వు మంచిదానివి, నువ్వు తిను" అనే పోలిక మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రెండు వరసల జాబితా, మూడు నాలుగు రోజులు వాడు తిన్నవీ తాగినవీ రాసిన కాగితం, వాడికి తెలియకుండా తీసిన ఒక చిన్న భోజనం వీడియో పట్టుకెళ్లండి. వీడియోలో ముద్ద ఎంతసేపు బుగ్గన ఉంటోందో, మింగేటప్పుడు మెడ చాస్తున్నాడా అన్నది వాళ్లకి కనిపిస్తుంది. గొంతు బాగానే ఉందంటే, పిల్లల్లో మింగడం, నమలడం చూసే స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి రాయమని మీరే అడగండి, అడగకపోతే చాలాసార్లు ఆ మాటే రాదు. ఏం చెప్పారో ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.